అన్నమ్మ చేతిలో గిన్నె

ప్రాతో,
నవంబరు 13, 1487.

పునీత అన్నమ్మ మఠాధిపతి, పూజ్యులైన మాత కమిల్లాగారి సముఖానికి, మఠం గుడి ధర్మకర్తలు తొమ్మిదిమందిలో ఒకడైన నోటరీ తాద్దేయో సవినయంగా సమర్పించుకుంటున్న ఫిర్యాదు.

పునీత మార్టిన్ పండుగ వెళ్లగానే, బయటివాళ్లం కమ్మీల గుండా మీతో మాట్లాడే మాటల గది మూసేశారు. ఇక క్రిస్మస్ దాకా తెరవరు. అందుకని నోటితో చెప్పాల్సింది కాగితం మీద పెట్టాల్సి వస్తోంది.

రెండేళ్లుగా ఊరంతా ఎదురుచూస్తున్న కొత్త పటాన్ని నిన్న వడ్రంగి నెంచో ఆరుగురు కూలీలతో వచ్చి బలిపీఠం మీదికి ఎక్కించాడు. తమరికి తెలిసిందే, బలిపీఠం వెనక గోడ కంతలో నిలబెట్టే ఆ పటానికి రెండు ముఖాలు. ఒకటి గుడిలో ఉండే మాకు, రెండోది గోడకి అవతల ప్రార్థన గదిలో ఉండే మీకు. మీ వైపుకి మగపురుగు కూడా రాదు, మా వైపుకి మీరు రారు. కాబట్టి రెండు ముఖాలూ చూసే భాగ్యం దేవుడికీ, వేసిన మాస్త్రో బియాజోకీ తప్ప ఇంకెవరికీ లేదు. ఆ మాస్త్రోగారేమో లూక్కాలో ఇంకో పని మీద కూర్చున్నారు.

మా ముఖం మీద మేం వేయించమన్నది తిరుసభ మహాపండితుల వాదం. పక్కన, మహమ్మారి నుంచి కాపాడే పునీత సెబాస్టియన్. ఈ ఉదయం మగవాళ్లంతా ముందు వరసల్లోనూ, ఆడవాళ్లంతా చెక్క అడ్డుగోడ వెనకా నిలబడి ఉండగా నేనే స్వయంగా గుడ్డ లాగాను.

లాగితే పురిటి గది.

మంచం మీద ఒకావిడ దిండుకి ఆనుకుని కూర్చుంది. చేతిలో గిన్నె. కింద ఒకత్తె చేతులు పైకి మడుచుకుని పసిబిడ్డకి నీళ్లు పోస్తోంది. ఇంకొకత్తె పొయ్యి దగ్గర పొత్తిగుడ్డలు వెచ్చబెడుతోంది. ఇద్దరు ఏ పనీ చెయ్యకుండా కబుర్లాడుతున్నారు. మొత్తం పటంలో ఒకే ఒక్క మగవాడు, ఒక ముసలాయన, ఆయన్ని కూడా తలుపు బయట అరుగు మీద కూర్చోబెట్టారు. ముందు వరసవాళ్లు తల ఎత్తాలో దించాలో తెలియక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ప్రాతోలో ఏ మగవాడూ పురిటి గది లోపల ఎలా ఉంటుందో చూసి ఎరగడు, తను పుట్టిన రోజున తప్ప.

తమరు కమ్మీల కిటికీ వెనక నుంచి మాస్త్రోతో రెండేళ్లు మంతనాలు సాగించిన సంగతి అందరికీ తెలుసు. మీ ముచ్చట మా ముఖం మీద కూడా వేయించారని నా అనుమానం. డిసెంబరు 8న బిషప్పుగారి ప్రతినిధి పటాన్ని ఆశీర్వదించడానికి వస్తారు. ఈలోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
నోటరీ తాద్దేయో.

తా.క. అక్కా, ఇది ధర్మకర్త కాదు, నేను రాస్తున్నది. చెస్ట్‌నట్ రొట్టె గోడలో తిరిగే గూట్లో పెట్టించాను. గూడు తిరిగి ఖాళీ పళ్లెం బయటికొచ్చింది. వెనకటికి పళ్లెంలో బిస్కెట్లు ఉండేవి. నీ మరదలు దియనోరాకి నెలలు నిండాయి. సుఖప్రసవానికని, పెద్ద గుడిలోని దేవమాత నడికట్టుకి తాకించిన రిబ్బను నడుముకి కట్టుకుంది. నేను భయపడుతున్నానని అందరికీ చెబుతోంది. అలాంటిదేమీ లేదు. నిద్ర పట్టకపోవడం వేరు, భయం వేరు.


మఠం,
నవంబరు 15.

చిరంజీవి తాద్దేయోకి, వాడి పొత్తిగుడ్డలు ఏడాదిపాటు ఉతికిన అక్క కమిల్లా దీవించి రాస్తున్నది.

ఏమిట్రా ఆ "తమరు"? నీ ఫిర్యాదు భోజనాల దగ్గర చదివించాను. మౌనంగా తినాల్సిన వేళ. సిస్టర్ ఓర్సొలాకి పొలమారింది.

నీ కష్టం విన్నాను, ఇక మా కష్టం విను. మేం ఇరవై ఆరుమందిమి రెండేళ్లు కళ్లు పోయేలా బంగారు జరీ వడికి, ఆ డబ్బుతో మా వైపుకి అన్నమ్మ తల్లి పురుడు వేయించమని అడిగాం. ఆ తల్లి మరియమ్మని కన్న ఘడియ మా కళ్ల ముందు ఉండాలని. గుడ్డ లాగితే ఏముందనుకున్నావు? గడ్డాలు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది. తొమ్మిదిమంది ముసలాళ్లు పుస్తకాలు ముందేసుకుని, ఒకడి మాట ఒకడు వినకుండా, వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. అచ్చం మీ ధర్మకర్తల సభలాగే ఉంది. ఒకాయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ఆలోచనో నిద్రో తెలియదు. వాళ్ల పక్కనే, నవంబరు చలిలో, ఒంటి మీద చొక్కా లేని కుర్రాడొకడు.

ఆ కుర్రాడి సంగతి తెలిసి మా పాపసంకీర్తనల గురువు ఫాదర్ జెర్వాజో పరుగెత్తుకొచ్చారు. పాపం, కిటికీ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పిలిచి, ఆ పటాన్ని చూస్తే ఏమైనా ఆలోచనలు వస్తున్నాయా అని అడిగారు. వస్తున్నాయని అందరం ఒప్పుకున్నాం. ఆయన కుర్చీలోంచి సగం లేచి, ఎలాంటివని అడిగారు. వైద్యం చూసే సిస్టర్ పియెరా, ఆ కుర్రాడికి తేనె కలిపిన వేడి ద్రాక్షారసం పట్టాలంది. ఓర్సొలా, వాడి తల్లి ఎక్కడుందో అంది. మిగతావాళ్లంతా చొక్కా కుడదామన్నారు. ఫాదర్‌గారు ఏ ప్రాయశ్చిత్తమూ విధించలేక వెళ్లిపోయారు.

ఇది ఎవరి పని అని మా వాళ్లంతా అడుగుతున్నారు. నేను మాస్త్రోకి ఉత్తరం రాస్తాను. కానీ నేను చూడని పటం గురించి ఏమని రాయను? నువ్వు నోటరీవి, చనిపోయినవాళ్ల ఇళ్లలో గరిటెతో సహా జాబితా రాస్తావు. అలాగే ఆ పురిటి గదిలో ఉన్నదంతా చూసి, ఒక్కటీ వదలకుండా రాసి పంపు. ముందు ఆ గిన్నెలో ఏముందో చూడు.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. రొట్టె అందింది. ఉపవాస కాలంలో గుడ్లు ముట్టకూడదు గనక బిస్కెట్లు లేవు. ఖాళీ పళ్లేన్ని చూసి అలిగిన మొదటి ధర్మకర్తవి నువ్వే.


ప్రాతో,
నవంబరు 20.

మాత కమిల్లాగారికి, నా అక్కకి, ఎవరు ముందు చదివితే వారికి.

నీ ఉత్తరం వల్ల ధర్మకర్తల సభ చీలిపోయింది.

మఠం లోపల ధర్మకర్తల బొమ్మలు వేయించుకున్న ఘనులెవరో లేచి ఒప్పుకోమని నిన్న సభలో అడిగాను. ముందు అందరూ నాకు తెలియదంటే నాకు తెలియదన్నారు. తర్వాత ఒక్కొక్కడే నన్ను పక్కకి లాగి, తను అందులో ఉన్నాడో లేదో కనుక్కోమన్నాడు. ఉన్ని వ్యాపారి బిందో, తన కొత్త తోలు కోటు వేశారా, పాతదా అని అడిగాడు. మాలో గడ్డాలున్నవాళ్లు నలుగురే అని నేను గుర్తు చేస్తే, చిత్రకారులు ఉన్నదానికి కొంచెం కలుపుతారని సర్దిచెప్పాడు. ఆ చొక్కా లేని కుర్రాడు బిందో మేనల్లుడే అయి ఉంటాడు. వాడికి ఏ కాలంలోనూ నిండా బట్టలుండవు. ఇప్పుడు ఎనిమిదిమందీ ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. నేను మాత్రం అందులో ఉన్నానా లేనా అన్నది నాకేమీ పట్టలేదు. ఊరికే అడుగుతున్నాను, ఉన్నానా?

మా వైపు మీ పటం వేశాడు, మీ వైపు ధర్మకర్తల్ని వేశాడు. మరి మా మహాపండితులు ఏమయ్యారు? లూక్కా దారిలో ఎక్కడైనా దిగిపోయారా?

ఇక జాబితా. మంచం ఒకటి, ఎర్ర దుప్పటితో. దిండ్లు రెండు. రాగి బేసిన్ ఒకటి, నీళ్లతో, ఆవిరి కనిపిస్తోంది. నీళ్లు పోసే ఆవిడ మోచెయ్యి ముంచి చూస్తోంది, ఎందుకో తెలియదు. గిన్నె ఒకటి. దీని మీద పెద్ద గొడవ జరిగింది. ఆదివారం ప్రసంగంలో ఫాదర్ జెర్వాజో ఆ గిన్నె జ్ఞానస్నానానికి గుర్తు అన్నారు. చెప్పులు కుట్టే మేయో లేచి, అది చారు గిన్నెలా ఉందన్నాడు. ముందు వరసలు రెండు జట్లయ్యాయి. అడ్డుగోడ వెనక నుంచి ఆడవాళ్లు నవ్వారు. వాళ్లకి మా తలలే తప్ప పటం కనిపించదు, అయినా వాళ్లకి తెలుసు. ఇంటికెళ్లి అడిగితే దియనోరా, "కోడి చారండీ. బిడ్డ బయటపడగానే బాలింతకి ముందు అదే పడుతుంది. గుడ్డు సొన వెయ్యకపోతే అది చారే కాదు," అంది. మర్నాడు వెళ్లి నిచ్చెనెక్కి చూశాను. గిన్నెలో పచ్చగా తేలుతోంది. నాకు నలభై మూడేళ్లు, ఈ సంగతి ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు పూజ అయ్యాక మగవాళ్లు బయటికి పోవడం లేదు. రొట్టెలమ్మే అతను, ఒక్క చేత్తో బిడ్డ తలా వెన్నూ రెండూ ఎలా పట్టుకుందో చూపించమని వాళ్లావిణ్ణి అడిగాడట. ఆవిడ పిండిముద్దతో చూపించింది. ఫాదర్ జెర్వాజో మా దగ్గరికి కూడా వచ్చి, ఆడవాళ్ల గదిని చూస్తుంటే ఏమైనా ఆలోచనలు వస్తున్నాయా అని అడిగారు. వస్తున్నాయన్నాం.

మంచం మీది ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ బిడ్డని చూడటం లేదు. బయటికి, చూసేవాళ్ల వైపు చూస్తోంది. నేను ఎడమ స్తంభం దగ్గరికి జరిగాను. అక్కడికీ చూసింది. ఇదొక తప్పని మాస్త్రోకి రాయి.

ఇట్లు,
తాద్దేయో.

తా.క. ఉన్నానా?


మఠం,
నవంబరు 24.

నిచ్చెనలెక్కుతున్న నా తమ్ముడికి, కింద ఎవరైనా పట్టుకుంటున్నారని ఆశిస్తూ, అక్క రాస్తున్నది.

నీ జాబితా చదివించాక రెండు గంటలపాటు ఈ మఠంలో ఎవరూ ఒక పట్టాన కుదురుగా కూర్చోలేదు. గుడ్డు సొన మాట రాగానే ఓర్సొలా చప్పట్లు కొట్టింది. ఆవిడ ఇక్కడికి రాకముందు ఏడుగురు చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ నీళ్లు పోసిన మనిషి. మోచెయ్యి ముంచేది వేడి చూడ్డానికిరా, అరచెయ్యి పనితో మొద్దుబారి ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి నీకు నిచ్చెన కావాల్సి వచ్చింది.

మా గడ్డాలవాళ్లు కులాసా. వాళ్లని అలవాటు చేసుకుంటున్నాం. చిన్న సిస్టర్లు ఒక్కొక్కరికీ తమ పినతండ్రుల పేర్లు పెట్టారు. పొద్దున్న ప్రార్థనకి వెళ్లగానే, ఇంకా తేల్చలేదా బాబాయ్ అని అడుగుతున్నారు. ఎడమ నుంచి నాలుగో ఆయన వేలికి సిరా మరక ఉంది. అంతకన్నా నేనేమీ చెప్పను.

చొక్కా పని మొదలైంది. దారంతో కొలతలు తీశాం. ముతక ఉన్ని, లోపల మెత్తటి గుడ్డ. పటానికి మేకు కొట్టనివ్వను గనక పైనుంచి తాడుతో వేలాడదీస్తాం. పియెరాకి మాత్రం చొక్కా మీద మనసు లేదు. డొక్క కింద దిగిన ఆ బాణాన్ని తిన్నగా లాగితే ప్రాణం పోతుందని, ముందు చుట్టూ నూనె పట్టించాలని, తొడలో ఉన్నదాని గురించి భయం లేదని రోజూ నాకు చెబుతోంది. నాలుగు బాణాలకీ నాలుగు రకాల మందులు రాసి పెట్టుకుంది.

ఇప్పుడు నీకు ఇంకో పని. ఆ మంచం మీది ఆవిడ మొహం. తప్పిపోయిన మనిషి కోసం దండోరా వేయించేటప్పుడు ఆనవాళ్లు రాస్తారే, అలా రాయి. నుదురు, కనుబొమలు, ముక్కు, మచ్చలు, చేతులు. తొందరపడకు. ఒకరోజు చూసి రాసేది కాదు. రోజూ పొద్దున్నే వెళ్లి కాసేపు నిలబడి చూడు. నిన్నే చూస్తోందన్నావు కదా, చూడనీ. నువ్వేమీ కరిగిపోవు.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. ఫాదర్ జెర్వాజో మళ్లీ వచ్చారు. ఈసారి పియెరాని ఒక్కదాన్నే పిలిచి, ఆ కుర్రాడి గురించి ఇంకా ఆలోచిస్తోందా అని అడిగారు. రాత్రీ పగలూ అంది. ఎందుకో చెప్పే లోపల ఆయన వెళ్లిపోయారు.


ప్రాతో,
నవంబరు 29.

అక్కా,

బాణాలు. నాలుగు బాణాలు.

నీ ఉత్తరం భోజనం దగ్గర దియనోరాకి చదివి వినిపిస్తున్నాను. బాణం మాట రాగానే చెంచా నా చేతిలోంచి జారింది. చొక్కా లేని కుర్రాడు, బాణాలు. వాడు బిందో మేనల్లుడు కాదు, చెట్టుకి కట్టి బాణాలతో కొట్టించిన మా పునీత సెబాస్టియన్. ఆ గడ్డాలు ధర్మకర్తలవి కాదు, మా మహాపండితులవి. దియనోరా పొట్ట పట్టుకుని నవ్వింది, నాకు భయమేసేంతగా నవ్వి, కళ్లు తుడుచుకుంటూ అంది: "ఏవండీ, పటం తిరగబడింది. అటుది ఇటు తిప్పితే అయిపోయేదానికి ఇన్ని ఉత్తరాలా?"

నేను తింటున్నవాణ్ణి లేచి నెంచో ఇంటికి పరుగెత్తాను. ఎందుకిలా పెట్టావని నిలదీశాను. వాడు ఉలి కింద పెట్టి, ఏమాత్రం తడుముకోకుండా జవాబిచ్చాడు: "ముప్పై ఏళ్లుగా దొరల పడకగదుల్లో పటాలు తగిలిస్తున్నానయ్యా. మంచానికి ఎదురుగా గడ్డాలు తగిలించమని ఏ మగాడూ నన్ను అడగలేదు. మగాళ్లు చూసేవైపు ఆడవాళ్లు, ఆడవాళ్లు చూసేవైపు మగాళ్లు, అదే కదా పద్ధతి." చదువులేని వాడి తర్కం అలా ఉంది. ఆ మాట అంటూ వాడు ఎందుకో మఠం గోడ వైపు చూశాడు, నువ్వు బాగున్నావా అని కూడా అడిగాడు.

మొత్తానికి నిన్ను అనుమానించాను, క్షమించు. డిసెంబరు 7 పొద్దున్న నెంచో కూలీలతో వచ్చి పటం తిప్పేస్తాడు. మీ అన్నమ్మ మీకు, మా పండితులు మాకు. ఎనిమిదిమంది ధర్మకర్తలకీ ఈ సంగతి చెప్పాను. తను అందులో లేనని తెలిసి బిందో మంచం పట్టాడు.

ఇక ఆ ఆనవాళ్లు. అక్కర్లేదు గానీ అడిగావు గనక రాస్తున్నాను. వయసు ముప్పై దాటి ఉండదు. విశాలమైన నుదురు. ఎడమ కనుబొమ కుడిదానికన్నా కొంచెం పైకి. గడ్డం కింద చిన్న మచ్చ, ఎప్పుడో కాలినది కావచ్చు. ముక్కు నా ముక్కులా ఉందని మేయో అన్నాడు, వాడికి కళ్లు సరిగా కనబడవు. చెంచా ఎడమచేత్తో పట్టుకుంది. ఇది కూడా మాస్త్రో పొరపాటే అనుకున్నాను, కానీ చిన్నప్పుడు బడిలో నా ఎడమచెయ్యి బల్లకి కట్టేసి కుడిచేత్తో రాయించేవారు, గుర్తుందా? అలాంటివాళ్లు ఆడవాళ్లలోనూ ఉంటారు కాబోలు. తిట్టబోయి నవ్వాపుకుంటున్నట్టు ఉంటుంది మొహం. ఎవరావిడ? మాస్త్రో భార్యా?

నీ తమ్ముడు,
తాద్దేయో.

తా.క. రోజూ పొద్దున్నే వెళుతున్నాను. నువ్వు చెప్పావని.


మఠం,
డిసెంబరు 2.

తమ్ముడూ,

ఈ ఉత్తరం చిన్నది. ఏడో తారీఖున తిప్పుతానంటే నేను వద్దనను. పటం మీది కూడా, మాది కూడా. నిన్ను ఒక్క సంగతి అడుగుతాను. తలుపు బయట అరుగు మీద కూర్చున్న ఆ ముసలాయన మొహం ఎలా ఉందో నువ్వు రాయలేదు. గరిటెలతో సహా రాసినవాడివి, ఆయన్నెందుకు వదిలేశావు? చూసి రాయి. నిద్ర పట్టని మొహమా, భయపడిన మొహమా?

నువ్వు రాసిన ఆనవాళ్లు భోజనాల దగ్గర చదివించలేదు. నేనే చదువుకున్నాను, మూడుసార్లు. ఆ రోజు సాయంకాలం ప్రార్థనకి ఆలస్యంగా వెళ్లాను. ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.

దియనోరాని జాగ్రత్తగా చూసుకో. నవ్వనియ్యి, నవ్వితే ఏమీ కాదు.

అక్క.

తా.క. చొక్కాకి ఒక చెయ్యి అయింది. తొమ్మిదిమంది పండితులు చూస్తూ కూర్చున్నారే గానీ ఒక్కడూ దారం ఎక్కించి ఇవ్వలేదు.


ప్రాతో,
డిసెంబరు 7, మధ్యాహ్నం.

అక్కా, అక్కా,

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ముందు ఇది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను, కాగితం మీద సిరా పడింది, క్షమించు.

తెల్లారేసరికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి నన్ను గదిలోంచి బయటికి తోసేసింది. మా ఇంటి గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆ ముసలాయన కూర్చున్నట్టే కూర్చున్నానని. నువ్వడిగావు కదా ఆయన మొహం ఎలా ఉందని. భయమే అక్కా. నిద్ర పట్టకపోవడం కాదు.

లోపలి నుంచి అరుపు వినబడ్డాక అక్కడ ఉండలేకపోయాను. కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచాను, గుడికి తీసుకెళ్లాయి. పటం ముందు ఇరవైమంది దాకా ఆడవాళ్లున్నారు, సగంమంది నిండు చూలాళ్లు. పటం తిప్పేస్తారని తెలిసి కడసారి చూసుకుందామని అడ్డుగోడ దాటి వచ్చేశారు. నన్ను చూసి భయపడి వెనక్కి జరగబోయారు. మేయో భార్య నా మొహం చూసి, "ఆగండర్రా, ఆయన పెళ్లాం నొప్పులు పడుతోంది. ముందుకి రానివ్వండి," అంది. వాళ్లు దారి ఇచ్చారు. ఆడవాళ్ల మధ్య, ఆడవాళ్ల గదిని చూస్తూ నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. మేయో భార్య నా చేతికి కొవ్వొత్తి ఇచ్చింది.

అప్పుడు నెంచో తాళ్లతో వచ్చాడు. ఇవాళ కాదు పొమ్మన్నాను. ఎందుకని అడగకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి పనిమనిషి పరుగున వచ్చి చెప్పింది. ఇంటికి పోయి గది తలుపు సందులోంచి చూశాను. దియనోరా దిండుకి ఆనుకుని కూర్చుంది, చేతిలో గిన్నె. చారులో గుడ్డు సొన వేశారా అని అడిగాను. మంత్రసాని చేతిలో గరిటె కింద పడేసింది. నలభై ఏళ్లలో ఏ మగవాడూ ఆమెని ఆ ప్రశ్న అడగలేదట.

అక్కా, నిన్ను నేను ఎప్పుడూ ఒక మాట అడగలేదు. అమ్మ మాట ఎవరు ఎత్తినా లేచి వెళ్లిపోయేవాణ్ణి, నీకు తెలుసు. నేను పుట్టాను, ఆవిడ పోయింది. అందులో అడగడానికేముంది అనుకున్నాను. ఈ తొమ్మిది నెలలూ దియనోరా మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. ఇవాళ గుడిలో ఆ మంచం మీది ఆవిడ నన్ను చూస్తుంటే, మొదటిసారి నాకు వెళ్లిపోవాలనిపించలేదు. ఎవరావిడ? నాకు తెలుసనుకుంటాను. నువ్వు చెప్పు.

నీ తమ్ముడు.

తా.క. పాపది నా ముక్కే. పాపం.


మఠం,
డిసెంబరు 9.

నా బంగారు తండ్రికి, వాడి కూతురికి, చారు తాగుతున్న వాడి భార్యకి, అక్క వేయి దీవెనలు.

నిన్న బిషప్పుగారి ప్రతినిధి ఆశీర్వదించడానికి వచ్చినప్పుడు గోడ ఇవతల నుంచి అంతా విన్నాం. మీరు వేయించిన పండితులేరీ అని ఆయన అడిగితే మీ మేయో, "లోపల కన్యాస్త్రీల దగ్గర పాఠం నేర్చుకుంటున్నారండి," అన్నాడు. ఇటు ఇరవై ఆరుమందిమీ నోట్లో కొంగు కుక్కుకున్నాం. మొత్తానికి ఆయన పటాన్ని ఉన్నదున్నట్టుగా ఆశీర్వదించి వెళ్లారు.

అవునురా. అమ్మే.

అమ్మ పోయేనాటికి నాకు పదకొండేళ్లు. మొహం చెదిరిపోతోందని రెండేళ్ల కిందట భయం పట్టుకుంది. అందుకే కిటికీ వెనక నుంచి మాస్త్రోకి నుదురు, కనుబొమ, పొయ్యి దగ్గర కాలిన మచ్చ, ఎడమచెయ్యి, అన్నీ చెప్పాను. ఆయన గీసుకొచ్చేవాడు, నేను కాదనేదాన్ని, మళ్లీ గీసేవాడు. పదిహేడోసారికి అమ్మ వచ్చింది. అన్నమ్మ మంచం మీద కూర్చోబెట్టి మా ప్రార్థన గదిలో పెట్టుకుందామనుకున్నాను.

మాటల గది మూసే ముందు రోజు నువ్వొచ్చావు. గంటసేపు ఆలివ్ పంట గురించి మాట్లాడావు. దియనోరా పేరు ఎత్తలేదు. కమ్మీ పట్టుకున్న నీ వేళ్లు తెల్లగా పాలిపోయాయి. అమ్మని చూడాల్సింది నేను కాదని అప్పుడే అనిపించింది. నా దగ్గర ఆవిడ పదకొండేళ్లు ఉంది. ఇదిగో అమ్మ, చూడు అంటే నువ్వు ఆ గుడి గడప తొక్కవు. అందుకని మర్నాడు నెంచోని తిరుగుడు గూటి దగ్గరికి పిలిపించి, ఎటు ముఖం ఎటు పెట్టాలో చెప్పాను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాను. ఆ దొరల మంచాల మాట నాదే. దానికి ఫాదర్ జెర్వాజో దగ్గర ప్రాయశ్చిత్తం అయింది. ఇన్నాళ్లకి విధించడానికి ఒకటి దొరికిందని ఆయన ఎంత సంతోషించారో.

ఇప్పుడు కూర్చుని విను, లేచి వెళ్లకు. నువ్వు పుట్టగానే అమ్మ పోలేదు. మూడు రోజులుంది. చారు సగం గిన్నె తాగింది, ఎడమచేత్తో. కుడిచేతిలో నువ్వున్నావు. నిన్ను కింద పెట్టమంటే పెట్టలేదు. వీడి ముక్కు చూడవే కమిల్లా, అచ్చం నాదే, పాపం అని నవ్వింది. రెండో రోజు రాత్రి జ్వరం వచ్చింది. ఆ చలికాలం మన వీధిలో అదే జ్వరంతో ఐదుగురు పోయారు, అందులో ఇద్దరు మగవాళ్లు. నీ వల్ల కాదురా. నలభై మూడేళ్లుగా ఇది చెప్పాలని చూస్తున్నాను, నువ్వు కుర్చీలో నిలవలేదు.

పాపకి అమ్మ పేరు పెట్టు. అలెస్సా.

నీ అక్క,
కమిల్లా.

తా.క. నువ్వు నోటరీవి. నా ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదువు. ఇది ఎవరి పని అని మా వాళ్లు అడుగుతున్నారన్నాను, అడిగారు. మాస్త్రోకి రాస్తానన్నాను, రాశాను, చాలా బాగా వేశావని. నేను చెయ్యలేదని ఎక్కడైనా ఉంటే చూపించు.

మరో తా.క. పటం ఎప్పుడు తిప్పాలని అడుగుతావు. నాకూ అమ్మని చూడాలని ఉంది, దాచను. కానీ చొక్కాకి రెండో చెయ్యి ఇంకా మిగిలి ఉంది, పియెరా కుడుతోంది. చాలా నెమ్మదిగా కుట్టమని చెప్పాను.